విరిగిన చుక్క

జబ్బు ఉండాలి. ఉండి తీరాలి. మొగుడికి జబ్బు రాకూడదని మొక్కుకునే ఆడవాళ్ళు క్విలు నది ఒడ్డున ఇంటింటికీ ఉంటారు, ఉండాలని మొక్కుకునేది నేనొక్కదాన్నే కాబోలు అనుకుంది ఫెబ్రోనీ. అనుకుని, అందులో సిగ్గుపడాల్సిందేమీ కనిపించక మళ్ళీ మొదటికొచ్చింది. తల్లీ మరియమ్మా, ఈ మనిషికి నిద్ర జబ్బే ఉండాలి. ప్రార్థన మందిరం పక్కన మామిడిచెట్టు నీడలో, బడిలోంచి మోసుకొచ్చిన బల్ల మీద కూర్చుని ఉంది ఆమె. పక్కన మొగుడు లుకోంబో, ఒళ్ళో గుడ్డలో చుట్టిన గిన్నె పెట్టుకుని, కాళ్ళు బారజాపుకుని. పొద్దున్నుంచీ ఊరు ఊరంతా వరసలో నిలబడి, వేలు పొడిపించుకుని, మెడ తడిమించుకుని, నీకేం లేదు పో అనిపించుకుని నవ్వుకుంటూ ఇళ్ళకి పోయింది. వీళ్ళిద్దర్నీ మాత్రం ఉండమన్నారు. రక్తాన్ని సన్నటి గొట్టంలోంచి వడకట్టి, దాన్ని మళ్ళీ గిరగిర తిప్పి, అద్దాల కింద చూడాలట. గంట పడుతుందట. గంట అనేసి వాళ్ళు గుడారంలోకి పోయారు, గంటసేపు ఒకచోట కూర్చోవడమంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు. ఆమె లేచింది, నాలుగడుగులు వేసింది, మళ్ళీ కూర్చుంది, కాలు కాలిన పిల్లిలా మళ్ళీ లేచింది.

మందిరం గోడకి సైకిలు ఆనించి, ఆ నీడలోనే చతికిలబడ్డాడు అన్న గాస్పార్. సైకిలు వెనక ఆమె బట్టల మూట కట్టి ఉంది. నది అవతలి ఊరినుంచి అతన్ని పిలిపించింది ఆమే, ఈ మనిషితో ఇంక వేగలేను, వచ్చి తీసుకుపొమ్మని కబురు పెట్టి. అతను వచ్చిన రోజే ఈ జబ్బు పరీక్షల వాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఊళ్ళో దిగారు. నిద్ర జబ్బు మెదడుకెక్కితే మనిషి మారిపోతాడని, ఊరికే కోప్పడతాడని, అయినవాళ్ళనే అనుమానిస్తాడని వాళ్ళు డప్పు వేసి చెబుతుంటే ఆమె నిలబడిపోయి విన్నది. ఇదీ సంగతి. ఇన్నాళ్ళూ నేను కాపురం చేస్తున్నది లుకోంబోతో కాదు, వాడి లోపల దూరిన పురుగుతో అన్నమాట. అన్న దగ్గరికి పోయి, మొగుడు వింటుండగానే, ఖండితంగా చెప్పేసింది: "జబ్బు మనిషిని వదిలేసి పోతే నేను మనిషినేనా అన్నా? ఉందని తేలితే ఉండిపోతాను, సేవ చేస్తాను. లేదని తేలిందా, ఆ మాటలూ ఆ చేతులూ అన్నీ ఈయన సొంతమేనన్నమాట. అప్పుడు సైకిలెక్కుతాను." గాస్పార్ చెల్లెలి మొగుడి మొహం చూశాడు. సరే, పరీక్షకి ఇద్దరం పోదాం అన్నాడు లుకోంబో, ఏ తగాదా లేకుండా. ఆ తగాదా లేకపోవడం కూడా ఆమెకి నచ్చలేదు. తగాదా పడని మనిషిలో ఏదో ఉంటుంది.

ఉంది, తను కళ్ళారా చూసింది కూడా. తెల్లటి అట్ట ముక్క, దాని మీద పదిమందివి పది చుక్కలు, ఒక్కో రక్తపు చుక్కలో ఒక్కో నీలం మందు చుక్క కలిపారు. ఆ అట్టని చిన్న యంత్రం మీద పెడితే అది ఊగుతూ తిరిగింది. లుకోంబో ఆమెకి ముందు నిలబడ్డాడు, కాబట్టి ఇద్దరి చుక్కలూ పక్కపక్కనే. ఒకటి అలాగే నున్నగా ఉండిపోయింది. రెండోది మాత్రం చూస్తుండగానే, పాలు విరిగినట్టు, చిన్న చిన్న పలుకులుగా విరిగిపోయింది. అట్ట తిరుగుతోంది కదా, ఏది ఎవరిదో చెప్పడం కష్టమే గానీ ఆమెకి కష్టం కాలేదు. విరిగింది వాడిదే. వేరే ఎవరిదవుతుంది? ఆ తర్వాత పరీక్షలు చేసే కుర్రాడు ఒనోరే లుకోంబోని గుడారం వెనక్కి పిలిచి చెవిలో ఏదో చెప్పాడు, లుకోంబో తలొంచుకుని విన్నాడు, ఆమెని ఒకసారి చూశాడు, మళ్ళీ ఏదో చెప్పాడు, బతిమాలుతున్నట్టు. నిప్పు లేనిదే పొగ రాదు. తిరిగొచ్చి, మనల్ని ఉండమన్నారు అన్నాడంతే. తర్వాత ఒనోరే వచ్చి ఆమె మెడ వెనక తడిమాడు, శనగ గింజంత గడ్డలేవో వేళ్ళకి తగిలినట్టున్నాయి, అందులోకి సూది గుచ్చి నీరు తీశాడు. మోచేతి దగ్గర గొట్టం నిండా రక్తం కూడా తీశాడు. నాకెందుకు అంది ఆమె. ఇద్దరివీ చూస్తారట, ఇంటి మనిషివి కదా అన్నాడు లుకోంబో. ఒకే మంచం మీద పడుకునేవాళ్ళవి చూస్తే తప్పేముంది, సబబే అనిపించింది. ఈ మనిషి మంచినీళ్ళిచ్చినా అనుమానించే తను ఆ మాట ఒక్కటీ ఎందుకు నమ్మిందో ఆమెకే తెలియదు.

నీడ జరిగింది. ఎండ బల్ల కొసకి వచ్చి మోకాలిని తాకింది. వీపు మీద దురద, సరిగ్గా చెయ్యి అందని చోట, ఇదొకటి, ఎన్ని నెలలైంది ఈ దురద, సబ్బు మార్చింది, చాప మార్చింది, నదిలో ఇసకతో రుద్దుకుంది. మొన్న తలుపు గడియ తియ్యబోతే మోచెయ్యి గుమ్మానికి తగిలింది, చిన్న దెబ్బే, మామూలుగానైతే తుడుచుకుని పోయేదే, కానీ ఎముకలోపల్నుంచి నొప్పి లేచి ఆమె నేల మీద కూర్చుండిపోయింది. గడియ ఎవరు బిగించారు? ఈ మనిషే. కావాలనే. ఎప్పుడూ లేనిది గడియకి నూనె ఎందుకు రాయలేదు? ఇంకా చాలా ఉన్నాయి, ఒకటా రెండా. పట్టపగలు నిద్రపోతాడు. కల్లుగీసేవాళ్ళు చీకటితో లేచి చెట్లెక్కుతారు, మధ్యాహ్నం ఓ కునుకు తీస్తారు, ఎవరు కాదన్నారు, ఆమె మావగారూ తీసేవాడు, ఆమె తండ్రీ తీసేవాడు. కానీ ఈ మనిషి నిద్ర వేరు. కళ్ళు మూసుకుని, రెప్పల కిందనుంచి చూస్తుంటాడు. పొద్దుపోయాక ఆమెకి కన్ను మూతపడదు, లేచి వాకిట్లోకి పోయి దుంపలు ఒలుస్తుంది, ఊడుస్తుంది, మళ్ళీ ఊడుస్తుంది, వెనక్కి తిరిగితే గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఎందుకు పడుకోవు అంటుంది. నువ్వు పడుకో, నేను పడుకుంటాను అంటాడు. కాపలా. సొంత ఇంట్లో సొంత పెళ్ళానికి కాపలా.

వంట సంగతి చెప్పనే అక్కర్లేదు. నెల రోజులుగా కర్రపెండలం పిండితో లుకు ముద్ద తనే కలుపుతున్నాడు, కూరకి ఆకు తనే దంచుతున్నాడు. మగవాడు రోలు దగ్గర నిలబడితే ఊళ్ళో నవ్వరా? పక్కింటి ఆంటోనెట్ అయితే గోడ మీంచి తొంగి చూసి, "ఏం అన్నయ్యా, ఇంకో పెళ్ళానికి చూపించుకోడానికి పని నేర్చుకుంటున్నావా?" అని ఆటపట్టించింది. లుకోంబో నవ్వేశాడు. ఆంటోనెట్‌కేం, దానిదంతా చోద్యమే, దుంపలు నానేసే మడుగు దగ్గర సర్కారువాళ్ళు ఈ జబ్బు తెచ్చే ఈగల్ని పట్టడానికి కట్టిన నీలం గుడ్డలు విప్పుకొచ్చి పిల్లలకి నిక్కర్లు కుట్టిన మహాతల్లి అది. పిల్లలు ఆ నిక్కర్లేసుకుని తిరుగుతుంటే ఈగలన్నీ వాళ్ళ పిర్రల మీదే వాలేవి. ఊరంతా నవ్వింది, ఫెబ్రోనీ కూడా నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది, అప్పుడు నవ్వొచ్చేది. ఎప్పుడది? ఆ మడుగులో మోకాళ్ళ లోతు దిగి దుంపలు తిరగేస్తుంటే కుట్టే ఈగలు వీపు మీద ముసిరేవి, తోలుకునే తీరిక ఉండేది కాదు, ఆడవాళ్ళం అందరం తిట్టుకుంటూ పని చేసేవాళ్ళం. ఏం చెబుతున్నాను? ఉప్పు. అతను వండినదానిలో ఉప్పుండదు. ఏమీ ఉండదు, మట్టి నమిలినట్టుంటుంది. ఆమె ఉప్పు వేసుకుంటుంది, ఇంకాస్త వేసుకుంటుంది, ఒకరోజు ఆ ముద్ద కూతురు ముజింగా నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఉప్పు ముద్ద అమ్మా అంది. తండ్రీ కూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. గురివింద తన కింద నలుపెరగదన్నట్టు, రుచి పోగొట్టేది వాడు, తప్పు నాది.

ఎప్పుడో రెప్ప మూతపడింది కాబోలు. మడుగు నీళ్ళు చల్లగా పాదాలకి తగిలాయి, అమ్మ ఎవరినో పిలుస్తోంది, ఎవరో గిన్నె మూత తీశారు. ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. బుగ్గ తడిగా ఉంది, బుగ్గ కింద లుకోంబో భుజం. చొక్కా మీద చొంగ మరక. చూశావా, మళ్ళీ నిద్రపోయి నా కిందికి జారాడు అనుకుని చిరాగ్గా సర్దుకుంది. లుకోంబో కళ్ళు మాత్రం విప్పారి గుడారం వైపే చూస్తున్నాయి. భుజం బిగుసుకుపోయినట్టుంది, మెల్లగా తిప్పుకున్నాడు. ఎంతసేపైంది అనడిగింది. ఇంకా కొంచెం అన్నాడు. కొంచెమట. ఎండ బల్లని సగం మింగేసింది, ఇద్దరూ బల్ల మోసుకుని నీడలోకి జరిగారు. జరిగేటప్పుడు అతను బరువంతా తన వైపుకి తీసుకున్నాడు. ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది.

ఈ భుజాల్ని చూసే కదా ఒప్పుకుంది ఒకప్పుడు. సంతలో కల్లు బుర్రలు దించుకుని, నడుముకి మోకు చుట్టుకునే నిలబడి, కల్లు పోస్తూ డబ్బా కొట్టుకునేవాడు: ఈ చుట్టుపక్కల నేనెక్కని చెట్టు లేదు, నన్ను కింద పడేసిన చెట్టు ఇంకా మొలవలేదు. అందరూ నవ్వేవాళ్ళు. ఇప్పటికీ ఎవరింటికి చుట్టాలొచ్చినా ఇదే మాట, ముజింగా పుట్టినప్పుడు పిల్లని ఎత్తుకుని ఇదే మాట, ఫాదరు గారొస్తే ఆయనతోనూ ఇదే మాట. విని విని ఆమె అరిగిపోయిన రోలు అయిపోయింది. పెళ్ళైన కొత్తలో, చీకటితో దించిన మొదటి కల్లు, ఇంకా తియ్యగా ఉండగానే, పులవకముందే, ఆకు దొన్నెలో దాచి తెచ్చేవాడు. అమ్మడానికి ముందు నీకు అనేవాడు. ఆ తీపి ఎలా ఉండేది? గుర్తు తెచ్చుకోబోయింది. నాలుక మీదికి ఏమీ రాలేదు. వెనకటి రోజుకి పోదామని తలుపు తోస్తే లోపల ఎవరో గడియ పెట్టినట్టు, అది కూడా వీడి పనేనేమో అనిపించి, మరీ ఇదేం ఆలోచన అని ఒక్క క్షణం తనకే సిగ్గేసింది. ఆ క్షణం కాస్తా పోయింది.

నెల తప్పింది. ఆ సంగతి తల్చుకోకూడదనుకుంటుంది, అదే ముందొస్తుంది. మళ్ళీ నెల కూడా రాలేదు, ఆ పై నెలా రాలేదు. ముజింగా తర్వాత ఇన్నేళ్ళకి కడుపు పండిందని ఆంటోనెట్ వచ్చి చేతులు పట్టుకుంది, లుకోంబో అడవికి పోయి ఆమెకిష్టమైన గొంగళిపురుగులు ఏరుకొచ్చి నూనెలో వేయించి పెట్టాడు, పుల్లగా తినాలనుందా అని చుట్టుపక్కల అమ్మలక్కలంతా అడిగారు. కడుపు మాత్రం పెరగలేదు. ఎత్తు లేదు, కదలిక లేదు, రక్తమూ లేదు. ఖాళీ. పిల్ల ఉండాల్సిన చోట ఖాళీ. అప్పుడామెకి అర్థమైంది, పిల్లని ఎవరో తినేశారు. ఇంట్లోవాడే తినేశాడు. అత్తవారి వైపు పెద్దలందరి ముందూ లేచి నిలబడి అనేసింది, నీ చెట్లు బాగా పారాలని చేతబడి చేసి నా కడుపులో పిల్లని తినేశావు అని. ఆ మాట పడ్డ మగవాణ్ణి ఊళ్ళోంచి తరిమేసిన రోజులున్నాయి. లుకోంబో కాదనలేదు, ఔననలేదు. ముజింగా అమ్మకి ఒంట్లో బాగాలేదు, తల నొప్పిగా ఉంది, మేం ఇంటికి పోతాం అన్నాడు పెద్దలతో, కూతురి చెయ్యి పట్టుకుని. నాకు బాగాలేదా? చూశారా తెలివి? తల నొప్పి ఉన్నమాట నిజమే, ఎప్పుడూ ఉంటుంది, ఇప్పుడు కూడా ఉంది, కణతల్లో ఎవరో దంచుతున్నట్టు. కానీ అది వేరు.

దంచడం. రోకలి. ఆ చేతులు. ఆ చేతుల గురించే అన్నకి కబురు పెట్టింది. ఆ సాయంత్రం ఆమె ఆకు దంచుతోంది, అతను వచ్చి ఏదో అన్నాడు, ఇలా ఇవ్వు నేను దంచుతాను అన్నాడో ఏమో, ఆమెకి ఒళ్ళు మండింది, చేతిలో రోకలి ఉంది, ఆ తర్వాత అతను రెండు మణికట్లూ పట్టుకున్నాడు. గట్టిగా. గోడకి ఆనించి పట్టుకున్నాడు. చేతుల మీద కమిలిన గుర్తులు వారం ఉన్నాయి, అన్నకి చూపించింది, చూడు, మీ బావ చేసిన నిర్వాకం. రోకలికీ మణికట్టుకీ మధ్య ఏదో జరిగింది, అది మాత్రం ఎంత వెతికినా దొరకదు, రోకలి చేతిలో ఉంది, తర్వాత రోకలి వాకిట్లో పడి ఉంది, ముజింగా అరుస్తోంది. ఎందుకు అరిచింది పిల్ల? పక్కకి తిరిగి మొగుడి మొహం చూసింది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, కనుబొమ్మని రెండు ముక్కలు చేసి పైకి పోయింది, చర్మం ఇంకా లేతగా, గులాబీ రంగులో ఉంది. ఇది ఎప్పటిది? గీత కత్తి తగిలిందేమో. చెప్పనేలేదు. ఈ మనిషి ఏదీ చెప్పడు, అన్నీ దాస్తాడు.

ముజింగా మేనమామ దగ్గర కూర్చుంది. అమ్మ దగ్గర కాదు, మామ దగ్గర, సైకిలు చక్రం తిప్పుతూ. రా అని చెయ్యి ఊపింది ఫెబ్రోనీ. పిల్ల తండ్రి వైపు చూసింది, అతను పొమ్మన్నట్టు తలూపాక లేచి, నాలుగడుగులు వేసి, చెయ్యి అందనంత దూరంలో ఆగింది. అక్కడే నిలబడి మట్టిలో బొటనవేలితో గీతలు గీసింది. కన్న తల్లి చెయ్యి అందే దూరాన్ని పిల్ల కొలుచుకుని నిలబడటం ఆమె చూసింది. వీడే నూరిపోశాడు, లేకపోతే దానికేం తెలుసు.

కానీ జబ్బుంటే ఇదంతా పోతుంది కదా. అదే కదా ఆశ. జబ్బుంటే వాడు కాదు, పురుగు. పురుగుని చంపితే పాత మనిషి మిగులుతాడు, సంతలో మోకు చుట్టుకుని డబ్బా కొట్టుకునేవాడు. చిన్నప్పుడు పెద్దమ్మకి వచ్చింది నిద్ర జబ్బు. అప్పటి మందు ఒళ్ళంతా మిరపకాయలు నూరి నరాల్లో పోసినట్టుండేదట, పెద్దమ్మ అరుపులు ఆసుపత్రి రోడ్డు దాకా వినిపించాయి. బతికింది. బతికాక పథ్యం. ఆరు నెలలు వేడి అన్నం ముట్టకూడదు, ఎండలో నడవకూడదు, గునపం పట్టకూడదు, మొగుడి పక్కన పడుకోకూడదు, ఇంట్లో ఎవరూ ఆమెతో గొడవ పడకూడదు. లోపల మందు నిప్పు చల్లారేదాకా పైనుంచి ఏ వేడీ తగలకూడదు. పెదనాన్న ఆరు నెలలూ వసారాలో పడుకున్నాడు, వేడి ముద్దని విసనకర్రతో విసిరి విసిరి చల్లార్చి పెట్టేవాడు, ఊళ్ళో మగవాళ్ళు ఏం బావా, మొగుడివా, విసనకర్రవా అని ఎగతాళి చేసేవాళ్ళు. పెద్దమ్మ ముసలిదై పోయింది గానీ జబ్బుతో పోలేదు. నేనూ చేస్తాను. లుకు కలిపి, ఆకులో పరిచి, ఊది ఊది పెడతాను. చెట్లు ఎవరికైనా గీతకిస్తాం. ఆరు నెలలు పల్లెత్తు మాటనను. గడియకి నూనె నేనే రాస్తాను. పిల్లని తిన్నావని అన్న మాట వెనక్కి తీసుకుంటాను, పెద్దలందరి ముందూ తీసుకుంటాను, పురుగు తింది, మా ఆయన కాదు అని చెబుతాను. అలా ఊదుతూ కూర్చోవడం తల్చుకుంటే గుండెలో ఎన్నాళ్ళుగానో బిగిసి ఉన్నది కొంచెం వదులైంది, కళ్ళు చెమర్చాయి. తనకి ఈ మనిషంటే ఇంకా ఇష్టమే. ఛీ, ఎంత ఇష్టమో. లేకపోతే జబ్బు రావాలని ఎందుకు మొక్కుకుంటుంది.

గుడారం తెర తొలిగింది. ఒనోరే బయటికొచ్చాడు, కంటి చుట్టూ అద్దాల గొట్టం ఒత్తుకున్న గుర్తు. ఆమె కాదు ముందు లేచింది, లుకోంబో. గాస్పార్ కూడా సైకిలు వదిలి దగ్గరికొచ్చాడు. ఒనోరే లుకోంబో వైపు ఓసారి చూసి, ఇక దాచడం నావల్ల కాదన్నట్టు ఆమె వైపు తిరిగి, రామ్మా, నువ్వే చూద్దువుగాని అని లోపలికి తీసుకెళ్ళాడు. ఒక కన్ను మూసుకోమన్నాడు. ముందు తెల్లటి వెలుగు, తర్వాత గాజు గొట్టం కొస, ఆ కొసలో మెలికలు తిరుగుతూ ఒకటి, ఇంకొకటి. సన్నటి నీటిపాములు. నిలకడ లేదు, ఇటు పోతాయి, అటు పోతాయి, మళ్ళీ వెనక్కి. ఆమె ఎంతసేపు చూసిందో. దొరికావే అనుకుంది. నువ్వేనా నా కాపురంలో నిప్పులు పోసింది.

"ఇన్ని ఉన్నాయా ఈయన ఒంట్లో?" అంది కన్ను తియ్యకుండానే.

"ఆయన ఒంట్లో ఏమీ లేవమ్మా. ఆయన చుక్క శుభ్రంగా ఉంది," అన్నాడు ఒనోరే. "ఇది నీ రక్తం."

ఆమె తలెత్తింది. గుడారం గుమ్మంలో లుకోంబో నిలబడి ఉన్నాడు, ఎప్పుడూ నిలబడినట్టే. ఒనోరే చెబుతున్నాడు, పొద్దున్నే తెలిసింది, ఖాయమయ్యేదాకా చెప్పొద్దని మీ ఆయనే బతిమాలాడు, వింటే పారిపోతావేమోనని భయపడ్డాడు. రేపు మోటారు సైకిలు మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్తాం, ఇప్పుడు సూది మందు కాదు, మాత్రలే, తగ్గిపోతుంది, నిద్ర, కోపం, దురద, నెల రాకపోవడం, అన్నీ. అన్నీ అన్నప్పుడు ఆమెకి ఒక్కొక్కటీ వచ్చి ఎదురుగా నిలబడింది. ఉప్పు ముద్ద. చొంగ మరక. గడియ. చెయ్యి అందని దూరంలో పిల్ల. రెండు చుక్కల్లో విరిగినది. కాదు అంది. మీరంతా ఒకటి. గుడారంలోంచి విసురుగా బయటికొచ్చింది, ఎండ కళ్ళలో కొట్టింది, నేరుగా సైకిలు దగ్గరికి పోయి మూట మీద చెయ్యేసింది. మాటంటే మాట. పట్టుకోడానికి ఆమె దగ్గర ఇంక అదొక్కటే మిగిలింది.

"ఈయనకి జబ్బు లేదట అన్నా. లేదంటే వచ్చేస్తానన్నాను కదా. పద, సైకిలు తియ్యి."

గాస్పార్ కదల్లేదు. లుకోంబో మెల్లగా వచ్చి సైకిలుకి అటువైపు నిలబడ్డాడు, మధ్యలో మూట. చేతులు దగ్గరికి తేలేదు, గిన్నెనే పట్టుకున్నాడు.

"జబ్బు మనిషిని వదిలేసి పోతే మనిషినేనా అన్నావు కదే," అన్నాడు. "ఆ మాట నీకేనా, నాకు వర్తించదా?"

ఆమె మూట వదిలేసి మామిడి వేరు మీద కూలబడింది. ఏడుపొచ్చింది. తన మీద జాలితోనో, భయంతోనో, పెద్దలందరి ముందూ తనన్న ఆ మాట ఇంకా గాలిలో ఉన్నందుకో, వెనక్కి తీసుకోవాల్సింది ఉంది, ఇంత ఉంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. నేనేం చేశాను అంది. గాస్పార్ సైకిలు మీంచి మూట విప్పి కింద పెట్టాడు.

ఏమైనా తినిపించండి, రేపటినుంచి మాత్రలు కడుపు నిండా తిన్నాకే మింగాలి, ఇప్పట్నుంచే అలవాటు చెయ్యండి అన్నాడు ఒనోరే. లుకోంబో ఎదురుగా గొంతుక్కూర్చుని గుడ్డ విప్పాడు. ఒక్కటే గుడ్డ అనుకుంది ఇంతసేపూ, కాదు, మూడు మడతలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని కాపాడాడు. మూత తీస్తే ఇంకా ఆవిరి వచ్చింది. అతను లుకు ముద్ద తుంచి, రెండు వేళ్ళతో పట్టుకుని, ఊదడం మొదలుపెట్టాడు. ఒనోరే నవ్వాడు.

"అవన్నీ పాత మందు నాటి పథ్యాలు పెద్దాయనా. ఈ మాత్రలకి అదేం లేదు, వేడివేడిగా తినొచ్చు."

"మందు మీది బాబూ," అన్నాడు లుకోంబో, ఊదడం ఆపకుండానే. "పథ్యం మాది."

బుగ్గలు పొంగించి ఊదుతుంటే కనుబొమ్మ మీద మచ్చ పైకీ కిందికీ కదిలింది. ఫెబ్రోనీ చూస్తూ ఉండిపోయింది. చెయ్యి చాపింది, ముజింగా ఊపిరి బిగపట్టడం వినిపించింది, ఆగింది, మళ్ళీ నెమ్మదిగా చాపి ఆ మచ్చని వేలి కొసతో తాకింది. రోకలి చేతిలో ఉంది. తర్వాత రోకలి వాకిట్లో పడి ఉంది.

"ఇదెప్పుడు తగిలింది?" అంది.

లుకోంబో ముద్ద వైపే చూస్తున్నాడు.

"చెట్టు మీంచి జారాను," అన్నాడు.

తనని కింద పడేసిన చెట్టు ఇంకా మొలవలేదని సంతకీ చుట్టాలకీ ఫాదరు గారికీ చెప్పుకున్న మనిషి, బావమరిది ఎదుట, కూతురి ఎదుట, పరాయి కుర్రాడి ఎదుట జారానని ఒప్పుకున్నాడు. ముజింగా ఒక అడుగు దగ్గరికి జరిగింది. అతను ముద్దని తన పెదవికి ఆనించి చూసుకుని, చల్లారిందని నమ్మకం కుదిరాక అందించాడు. ఫెబ్రోనీ నోట్లో పెట్టుకుంది. మట్టిలాగే ఉంది, ఏ రుచీ తెలియలేదు. నమిలి మింగి, ఇంకో ముద్దకి చెయ్యి చాపింది. ఉప్పు లేదని అనలేదు.